కంప్యూటర్లో ఉంది, అరలో లేదు: ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపు కేస్ స్టడీ

చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్లు పెట్టించి, అవి అలవాటయ్యేదాకా వెంట ఉండడం నా వృత్తి. విశాఖపట్నంలో ఈ పని మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఈ కేసు గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇందులో సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే పనిచేసింది. షాపులో వాళ్లు కూడా ఎప్పటిలాగే నిజాయితీగా పనిచేశారు. అయినా స్టాకు లెక్క తప్పింది. ఆ తప్పిన లెక్క వల్ల ఒక కుర్రాడి మీద దొంగతనం ముద్ర పడబోయింది. షాపునీ మనుషుల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది జరిగినట్టే రాస్తున్నాను.

షాపు ఎలా నడిచేది

గాజువాక ఆటోనగర్ చూసినవాళ్లకి పెద్దగా వర్ణించక్కర్లేదు. పోర్టుకీ స్టీల్ ప్లాంటుకీ తిరిగే లారీలు, ట్రైలర్లు, టిప్పర్లు రిపేరుకొచ్చి ఆగే చోటది. షెడ్డు పక్కన షెడ్డు, వాటి మధ్య స్పేర్ పార్ట్స్ షాపులు. ఈ షాపు తండ్రి పెట్టింది, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. అతన్నే ఇక్కడ ఓనరు అంటాను. దాదాపు తొమ్మిది వేల రకాల సామాను ఉండేది. బిల్లులు పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో కొట్టేవాళ్లు. స్టాకు మాత్రం మనుషుల బుర్రల్లో ఉండేది.

అమ్మకాలకి రెండు కౌంటర్లు. లోపలి గదిలో ఉన్నది ట్రాన్స్‌పోర్టు కంపెనీల కోసం. వాళ్లు పార్టు నంబర్లతో ఆర్డరు పంపిస్తారు, సామాను వెళుతుంది, బిల్లు వెళుతుంది, నెలాఖరుకి డబ్బు వస్తుంది. రోడ్డు వైపున్నది మేస్త్రిల కౌంటరు, అంటే షెడ్డుల్లో లారీలు రిపేరు చేసే మెకానిక్‌లది. అక్కడ ఇరవై ఏడేళ్లుగా ఒకే మనిషి కూర్చుంటున్నాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన అడిగిన సామాను అరల్లోంచి తెచ్చి ఇవ్వడానికి ఇద్దరు కుర్రాళ్లు ఉంటారు.

2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిసింగ్ పరిమితి 5 కోట్ల టర్నోవర్‌కి దిగింది. అంటే ఆ పైన ఉన్న వ్యాపారి ఇంకో జీఎస్టీ వ్యాపారికి ఇచ్చే ప్రతి బిల్లునీ ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసి నంబరు తెచ్చుకోవాలి. ఈ షాపు ఆ పరిధిలోకి వచ్చింది. ఎలాగూ బిల్లింగ్ మార్చాలి కాబట్టి స్టాకు, బార్‌కోడ్, అరల నంబర్లు అన్నీ ఒకేసారి పెట్టించేద్దామని ఓనరు అనుకున్నాడు. నేను కూడా సరేనన్నాను. అన్నీ ఒకేసారి వద్దని అప్పుడే చెప్పి ఉండాల్సింది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన మూడో నెలలో ఓనరు ఫోన్ చేశాడు. "మాస్టారూ, కంప్యూటర్లో ఉంది, అరలో లేదు. ఒకటి రెండు కాదు, ఏ అర చూసినా అంతే." వెళ్లి చూశాను. ఆయిల్ సీళ్లు, వీల్ బేరింగులు, బుష్‌లు, కింగ్‌పిన్ సెట్లు, అన్నిట్లోనూ తేడా ఉంది. అంతకుముందు లెక్కే లేదు కాబట్టి తేడా కనబడలేదు. ఇప్పుడు స్క్రీను మీద ఎర్రగా కనబడుతోంది.

లెక్క కనబడటంతోటే అనుమానం కూడా మొదలైంది. సామాను తెచ్చి ఇచ్చే కుర్రాళ్లలో ఒకడు కొత్తవాడు. తేడా వచ్చిన అరలు ఎక్కువగా అతను తిరిగే వైపే ఉన్నాయి. ఆ నెల జీతంలో కొంత కోసేశారు కూడా. పండగ తర్వాత మానిపించేస్తానని ఓనరు నాతో అన్నాడు. ఆ కుర్రాడు ఎదురు చెప్పలేదు, నాకేసి చూడనూ లేదు. నాకు చాలా బాధేసింది. ఎందుకంటే అతన్ని దొంగగా చూపిస్తున్న రిపోర్టు నేను తయారుచేసి ఇచ్చిందే. మూడు వారాలు ఆగమని ఓనరుని బతిమాలాను. ఒప్పుకున్నాడు.

మొదట చేసినవి, అవెందుకు పని చేయలేదు

మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే: సరిగ్గా నేర్పలేదేమో. మళ్లీ రెండు సాయంత్రాలు ట్రైనింగ్ ఇచ్చాను. స్క్రీను మీద బాబాయ్ చేతులు నెమ్మదే గానీ, తప్పు కొట్టడం లేదు. తేడా తగ్గలేదు.

రెండోది ఓనరు పెట్టిన రూలు: బిల్లు లేకుండా ఒక్క బోల్టు కూడా గుమ్మం దాటకూడదు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. అనుమానం ఉన్నచోట కంట్రోలు పెట్టడం ఎవరైనా చేసే పనేనని నేనూ అడ్డు చెప్పలేదు. పది రోజుల్లో రెండు సంగతులు జరిగాయి. అమ్మిన సామాను వెనక్కొచ్చిన ఎంట్రీలు గుట్టలు పడ్డాయి, వాటితో ఆడిటరుకి తలనొప్పి. కొంతమంది మేస్త్రిలు ఎదురు షాపుకి వెళ్లడం మొదలుపెట్టారు. ఒకాయన నా ముందే అడిగాడు: "ఏటి బాబాయ్, ముందే బిల్లు కొట్టేస్తావా? బండికి పడకపోతే ఏటి చెయ్యమంటావు నన్ను?" ఆ మాట నేను విన్నాను, కానీ అప్పుడు అందులో ఉన్న సమాచారం నాకు అందలేదు. ధర గురించి విసుక్కుంటున్నాడనుకున్నాను. రూలు రెండో వారంలోనే ఆగిపోయింది.

మూడోది నా సొంత ప్రయత్నం. కొత్త టెక్నాలజీని మనిషి వాడతాడా లేదా అన్నది ముఖ్యంగా రెండు అభిప్రాయాల మీద ఆధారపడుతుందని 1989లో అమెరికన్ పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ చూపించాడు: ఇది నా పనికి ఉపయోగమా, ఇది వాడటం తేలికా. అప్పటినుంచి పరిశోధకులు ఎన్నో చోట్ల ఆ ప్రశ్నలతోనే సర్వేలు చేశారు. నేనూ తెలుగులో పది ప్రశ్నలు రాసి షాపులో అందరికీ ఇచ్చాను. అందరూ మంచి మార్కులే వేశారు. ఉపయోగం ఉందన్నారు, తేలికేనన్నారు.

ఆ సమాధానాలు అబద్ధాలని నేను అనుకోవడం లేదు. నేను ఓనరు మనిషినన్న జంకు కొంత ఉండి ఉంటుంది. అయితే అసలు కారణం వేరు. బిల్లు కొట్టడం నిజంగానే తేలికైంది, వాళ్లు దాని గురించే చెప్పారు. బిల్లుకి ముందు జరిగే పని గురించి నా పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా లేదు. మనకి తెలియని పని గురించి ప్రశ్న ఎలా రాస్తాం? ప్రశ్నాపత్రంతో ఇదే ఇబ్బంది. అది మనం ముందే ఊహించినదాన్ని కొలిచిపెడుతుంది, ఊహకి రానిదాన్ని మాత్రం పట్టివ్వదు.

లోపలి కౌంటరులో తేడా లేదు

దారి దొరికింది అనుకోకుండా. ఒక రోజు తేడా రిపోర్టుని కౌంటరు వారీగా విడదీశాను. లోపలి గదిలో తేడా దాదాపు లేదు. ఉన్నదంతా రోడ్డు వైపు కౌంటరులోనే. సాఫ్ట్‌వేర్ ఒకటే, ట్రైనింగ్ ఒకటే, ఓనరు ఒకడే.

ఇక్కడ నాకు, కొత్త టెక్నాలజీ వస్తే పనిచేసే చోట ఏం మారుతుందో చూసిన స్టీఫెన్ బార్లీ పరిశోధన గుర్తొచ్చింది. 1986లో ఆయన అమెరికాలో రెండు ఆసుపత్రుల గురించి రాశాడు. రెండింటికీ ఒకే రకం సీటీ స్కానర్ వచ్చింది. కానీ రేడియాలజీ డాక్టర్లకీ టెక్నీషియన్లకీ మధ్య పని, అధికారం రెండు చోట్లా ఒకేలా మారలేదు. అక్కడ అప్పటికే పని ఎలా నడుస్తుందో, ఎవరు ఎవరి మీద ఆధారపడతారో, దాన్నిబట్టి మార్పు వచ్చింది. ఆయన ఈ సంగతి కనిపెట్టింది నెలల తరబడి ఆ గదుల్లో ఉండి, ఎవరు ఎవరితో ఏమంటున్నారో చూస్తూ రాసుకుని. నా షాపులో కూడా రెండు గదులున్నాయి. ఇక సాఫ్ట్‌వేర్ని చూడటం మానేసి గదిని చూడాలని అర్థమైంది.

బాబాయ్ పక్కన ఒక స్టూలు వేయించుకున్నాను. లాప్‌టాప్ తెరవలేదు, చేతిలో చిన్న పుస్తకమే. నేను ఎందుకు కూర్చున్నానో మొదటి రోజే అందరికీ చెప్పాను: సామాను ఎటు వెళుతోందో చూడటానికి, మనుషుల మీద నిఘాకి కాదు. మొదటి రెండు రోజులూ ఎవరూ మామూలుగా లేరు. మూడో రోజు నుంచి నన్ను పట్టించుకోవడం మానేశారు.

ఆరు రోజుల్లో చూసింది

పొద్దున పదిన్నరకి ఒక మేస్త్రి వస్తాడు. గ్రీజు చేతిలో అరిగిపోయిన ఆయిల్ సీలు. దాన్ని కౌంటరు మీద పెడతాడు. బాబాయ్ పాత బనీను గుడ్డతో దాన్ని తుడుస్తాడు. నంబరు ఎప్పుడో చెరిగిపోయింది. లోపలి అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూస్తాడు, కొలిచే వెర్నియర్ పరికరం తీసుకోడు. "ఏ సంవత్సరం బండి?" అని అడుగుతాడు. మేస్త్రికి తెలియదు, బండి లారీ ఓనరుది. ఒకే మోడల్లో కూడా తయారైన ఏడాదిని బట్టి పార్టులు మారతాయి. బాబాయ్ మూడు సైజులు తెమ్మంటాడు. కుర్రాడు తెస్తాడు.

అప్పుడు బాబాయ్ కార్టన్ అట్ట చింపి చీటీ రాస్తాడు: మేస్త్రి పేరు, లారీ నంబరులో చివరి నాలుగు అంకెలు, సీళ్లు మూడు. కౌంటరు మూల చెక్కదిమ్మకి దిగ్గొట్టిన నిలువు ఊచ ఒకటుంది. చీటీని ఆ ఊచకి గుచ్చేస్తాడు. మేస్త్రి మూడూ పట్టుకుని షెడ్డుకి వెళ్లిపోతాడు. బండికి పట్టింది బిగిస్తాడు. మిగతా రెండూ సాయంత్రం వెనక్కొస్తాయి, కొన్నిసార్లు రెండు మూడు రోజులకి. ఒరిజినల్ వెయ్యాలా, లోకల్ సరిపోతుందా అన్నది లారీ ఓనరు వచ్చి తేల్చేదాకా రెండు రకాలూ షెడ్డులోనే ఉంటాయి. చివరికి బిల్లు మేస్త్రి పేరు మీద ఉండదు, డబ్బు కట్టే లారీ ఓనరు పేరు మీద ఉంటుంది. బిల్లయ్యాక బాబాయ్ ఊచ మీంచి ఆ చీటీ లాగి చింపేస్తాడు.

స్టాకు లెక్క తప్పడానికి కారణం ఇదే. సాఫ్ట్‌వేర్‌కి రెండే స్థితులు తెలుసు: అమ్మాం, అమ్మలేదు. ఈ కౌంటరు మూడో స్థితి మీద బతుకుతోంది: చూడటానికి తీసుకెళ్లారు. ఆ మూడో స్థితి మొత్తం ఆ ఊచ మీద ఉంది. లోపలి కౌంటరుకి పార్టు నంబరు తెలిసిన కొనుగోలుదారు వస్తాడు కాబట్టి అక్కడ దాని అవసరమే లేదు.

నాకు తోచింది నిజమో కాదో పరీక్షించాలి. ఆరో రోజు షాపు మూసే వేళ తేడా ఉన్న ఇరవై ఐటమ్స్ తీసుకున్నాం. అరలో ఉన్నవి లెక్కపెట్టి, ఊచ మీద చీటీల్లో ఉన్నవి కలిపాం. పదిహేడు ఐటమ్స్ కంప్యూటర్ లెక్కతో సరిగ్గా సరిపోయాయి. రెండింట్లో ఒకే సామానుకి రెండు కోడ్‌లు పడ్డాయి, అది మొదట్లో ఎంట్రీలు చేయించినప్పుడు నా టీం చేసిన తప్పు. ఒక్క కింగ్‌పిన్ సెట్ మాత్రం ఎక్కడా తేలలేదు. ఓనరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కుర్రాడిని లోపలికి పిలిచాడు. నేను బయటికి వచ్చేశాను.

చట్టంలో ఉన్నది, సాఫ్ట్‌వేర్లో మేం తెరవనిది

ఇప్పుడు ఏం చేయాలి? చీటీలు మానిపిస్తే మేస్త్రిలు రారు, ఆ సంగతి రూలు పెట్టినప్పుడే చూశాం. చీటీలని అలాగే వదిలేస్తే స్టాకు లెక్క తేలదు. పైగా బిల్లు లేకుండా సామాను బయటికి వెళ్లడం చట్టప్రకారం ఏమిటన్న భయం ఓనరుకి ఉంది. ఆడిటరు దగ్గర కూర్చున్నాం. జవాబు అప్పటికే చట్టంలో ఉంది. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 31(7) ప్రకారం, నచ్చితే ఉంచుకోవచ్చు లేకపోతే వెనక్కివ్వచ్చు అన్న పద్ధతిలో పంపిన సామానుకి, అమ్మకం జరిగేటప్పుడుగానీ అంతకు ముందుగానీ బిల్లు ఇస్తే చాలు. అది ఎంత ఆలస్యమైనా పంపిన రోజు నుంచి ఆరు నెలలు దాటకూడదు. అప్పటిదాకా సామాను డెలివరీ చలాన్ మీద, అంటే బిల్లుకి బదులు సామాను వెంట పంపే కాగితం మీద వెళ్లవచ్చు.

ఇది విన్నప్పుడు నాకు ఊరట కలిగింది, దాంతోపాటు సిగ్గు కూడా వేసింది. చట్టం రాసినవాళ్లకి తెలిసిన మూడో స్థితి, ఈ కౌంటరు దగ్గర ఇరవై ఏడేళ్లుగా నడుస్తున్న మూడో స్థితి, నా ఇంప్లిమెంటేషన్లో లేదు. సాఫ్ట్‌వేర్లో చలాన్ మాడ్యూల్ ఉంది. ఈ షాపుకి అక్కర్లేదనుకుని నేనే దాన్ని ఆఫ్ చేయించాను.

చలాన్ ఎలా పెట్టాలన్నదాని మీద నేను ఎక్కువ సమయం పెట్టాను. ఎంట్రీ ఎవరు చేయాలి? బాబాయ్ చేస్తే కౌంటరు ఆగిపోతుంది, ఆయన కళ్లు మేస్త్రి తెచ్చిన పార్టు మీద ఉండాలి, స్క్రీను మీద కాదు. సామాను చేత్తో పట్టుకునేది కుర్రాడు. కాబట్టి స్కానరు కుర్రాడి చేతికిచ్చాం. ఎవరి మీద అనుమానం వచ్చిందో అతని చేతికే ఇవ్వాలని నేను పట్టుబట్టాను. స్క్రీను మీద రెండే అడుగుతుంది: లారీ నంబరు చివరి నాలుగు అంకెలు, మేస్త్రి ఫోను నంబరు. బాబాయ్ రాసే చీటీలో ఉన్న వివరాలే దాదాపు.

ఊచని తీసేయాలని ఓనరు అన్నాడు. నేను వద్దన్నాను. బాబాయ్ రోజుకి ఎన్నోసార్లు ఊచ వైపు చూస్తాడు. చీటీలు ఎంత ఎత్తు ఉన్నాయో చూసి, ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకుంటాడు. అంత తొందరగా చెప్పే స్క్రీను నేను తయారుచేయలేను. అందుకని ప్రింటరులోంచి వచ్చే చలాన్ కూడా చీటీ సైజులోనే వచ్చేలా చేసి, దాన్నే ఊచకి గుచ్చమన్నాం.

మొదటి వారం మళ్లీ దెబ్బతిన్నాం. ఆయిల్ సీలు కవరు మీద బార్‌కోడ్ అంటించాం, మేస్త్రి ఆ కవరు చింపేస్తాడు. వెనక్కొచ్చిన సామానుకి కోడ్ ఉండదు, ఉన్నా గ్రీజు అంటుకుని స్కాన్ కాదు. రెండో కుర్రాడు చెప్పిన ఉపాయం పనిచేసింది: సామానుకి బదులు అరకే కోడ్ అంటిద్దాం, తీసినా పెట్టినా అర దగ్గరే స్కాన్ చేద్దాం. పేర్ల గొడవ ఇంకొకటి. మేస్త్రి కమాన్ కట్ట అంటాడు, కంప్యూటర్లో లీఫ్ స్ప్రింగ్ అని ఉంటుంది. ప్రతి ఐటమ్‌కీ "పిలుపు పేరు" అని ఒక గడి చేర్చి, బాబాయ్ చెబుతుంటే రోజుకి కొన్ని చొప్పున నింపించాం. ఆ పని నెలలు పట్టింది. నా దృష్టిలో ఆ షాపుకి అదే అన్నిటికన్నా విలువైన డేటా. అది ఏ కంపెనీ క్యాటలాగులోనూ దొరకదు.

తర్వాత ఏం జరిగింది

ప్రతి శనివారం ఒక వరస అరలు లెక్కపెట్టే పద్ధతి పెట్టాం. రెండో నెల నుంచి తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతకి వచ్చాయి. వచ్చిన తేడాకి కారణం కూడా చాలాసార్లు అదే రోజు దొరికేది.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఎన్ని బయటికి వెళ్లాయి, ఎన్ని వెనక్కొచ్చాయి అన్నది ఇప్పుడు లెక్కలో ఉంది. కొన్ని సీళ్లలో మూడు వెళితే ప్రతిసారీ ఒకే సైజు ఆగిపోతోంది, మిగతా రెండూ వెనక్కొస్తున్నాయి. ఆ లిస్టు చూసి బాబాయ్ కొన్నిటికి మూడు పంపడం మానేసి ఒకటే పంపుతున్నాడు. కొన్నిటి దగ్గర లిస్టునే తప్పుపట్టాడు, వానాకాలంలో వచ్చే బళ్లు వేరని. 1988లో అమెరికన్ పరిశోధకురాలు షోషానా జుబాఫ్ చెప్పిన మాట ఇదే: కంప్యూటర్ పనిని యంత్రానికి అప్పగించడంతో ఆగదు, ఆ పని గురించి ఇదివరకు లేని సమాచారాన్ని పుట్టిస్తుంది, దాన్ని చదివి తేల్చే అధికారం ఎవరికిస్తామన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ ఆ అధికారం బాబాయ్‌కి దక్కింది కాబట్టే ఆ లిస్టు పనికొచ్చింది.

అదే డేటాతో ఏ మేస్త్రి ఎన్ని రోజులు సామాను ఆపుతున్నాడో కూడా తెలుస్తుంది. వాళ్లకి చీటీ మీద ఇవ్వడం ఆపేద్దామని ఓనరు అన్నాడు. ఆలస్యానికి కారణం చాలాసార్లు లారీ ఓనరని, ఆ సంగతి లిస్టులో కనబడదని నేను వాదించాను. పూర్తిగా ఒప్పుకోలేదు. ఇద్దరి విషయంలో ఆపేశాడు.

ఇది ఒక్క షాపు కథ. దీన్నిబట్టి ఎన్ని షాపుల్లో ఇలా ఉంటుందో చెప్పలేం. కానీ లెక్క ఎందుకు తప్పుతుందో, ఆ దారి మొత్తం ఇలా దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది. 1987లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో, కంప్యూటర్ల యుగం అన్నిచోట్లా కనబడుతోంది గానీ ఉత్పాదకత లెక్కల్లో కనబడటం లేదన్నాడు. 1990లో ఇంకో ఆర్థికవేత్త పాల్ డేవిడ్ దానికి కరెంటు మోటారుతో పోలిక చెప్పాడు. 1880ల్లో కరెంటు వచ్చినా ఫ్యాక్టరీలు ఆవిరి యంత్రం తీసేసి ఆ చోట ఒక పెద్ద మోటారు పెట్టుకున్నాయి. ఆ శక్తిని యంత్రాలన్నిటికీ అందించే షాఫ్టులు, బెల్టులు అలాగే ఉంచాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు పెట్టి, ఫ్యాక్టరీ అమరికే మార్చుకున్నాక, 1920ల్లో గానీ లాభం పెద్దగా కనబడలేదు. ఆటోనగర్లో ఈ సంగతి చెబితే బాబాయ్‌కి వెంటనే అర్థమైంది. "షాఫ్టు మార్చకుండా ఇంజన్ మారిస్తే బండి లాగుద్దా?" అన్నాడు.

ఇప్పుడు కొత్త షాపుకి వెళ్లినప్పుడు మొదటి మూడు రోజులు నేను కంప్యూటర్ జోలికి వెళ్లను. బిల్లుకి ముందు సామాను ఎక్కడ ఆగుతుందో, ఆ ఆగినదాన్ని ఎవరు దేని మీద రాసుకుంటున్నారో చూస్తాను. కొన్నిచోట్ల గోడ మీద సుద్దతో రాసుకుంటారు, కొన్నిచోట్ల వాట్సాప్‌లో తమకి తామే పంపుకున్న మెసేజ్ ఉంటుంది. రిపోర్టులో తేడా వస్తే మనిషి పేరు రాకుండా అర నంబరు మాత్రమే వచ్చేలా సెట్ చేస్తాను, ఆ తేడాకి కారణం తెలిసేదాకా.

ఆ కుర్రాడి జీతంలో కోసిన డబ్బు తర్వాతి నెలలో తిరిగి వచ్చింది. చలాన్ల స్క్రీను ఇప్పుడు అతనే చూస్తున్నాడు. తేలని ఆ కింగ్‌పిన్ సెట్‌ని లెక్కలోంచి కొట్టేద్దామంటే బాబాయ్ ఒప్పుకోలేదు. దానికి చేత్తో ఒక చీటీ రాసి, పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, ఊచకి అన్నిటికన్నా కింద గుచ్చాడు. నేను కిందటిసారి వెళ్లినప్పుడు కూడా అది అక్కడే ఉంది.